సైగాన్ పిల్లల విమానం

1975 ఏప్రిల్ 4, శుక్రవారం. దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లోని టాన్ సన్ న్యుట్ విమానాశ్రయంలో ఉన్నాం. మధ్యాహ్నం మూడు దాటింది. కాంక్రీటు నేల సెగలు కక్కుతోంది. ఎదురుగా నిలబడ్డ సి-5ఏ గెలాక్సీ అమెరికా వాయుసేన దగ్గరున్న విమానాలన్నిటిలోకీ పెద్దది. తెచ్చిన 17 శతఘ్నులను ఇందాకే దించారు. ఖాళీ అయిన ఆ సరుకుల అరలోకి ఇప్పుడు పిల్లల్ని ఎక్కిస్తున్నారు.

దగ్గరికి వెళ్లి చూడండి. నర్సులు, సైనికులు, అనాథాశ్రమాల వాళ్లు వరసగా నిలబడి పిల్లల్ని ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి అందిస్తున్నారు. పాలు తాగే పసికందులున్నారు, తప్పటడుగుల వాళ్లున్నారు, ఏం జరుగుతోందో తెలిసే వయసు వాళ్లూ ఉన్నారు. కొందరి జుట్టు రాగిరంగు, కొందరిది దట్టమైన ఉంగరాలు. వాళ్ల తండ్రులు అమెరికా సైనికులు. ఒక్కొక్కరి మణికట్టుకు ఒక పట్టీ, దాని మీద ఒక పేరు. అది ఆ బిడ్డ పేరే అయి ఉండాలని లేదు. కాగితాలు సిద్ధమైన బిడ్డ సమయానికి రాకపోతే, అవే కాగితాల మీద ఇంకో బిడ్డను పంపిన సందర్భాలున్నాయి.

పై అంతస్తులో సీట్లున్నాయి. అక్కడ పసివాళ్లను సీటుకు ఇద్దరు చొప్పున కూర్చోబెట్టి ఒకే బెల్టు బిగిస్తున్నారు. కింద సరుకుల అరలో సీట్లు లేవు. దుప్పట్లు పరిచి, కాస్త పెద్ద పిల్లల్ని నేల మీదే కూర్చోబెట్టి పట్టీలు వేస్తున్నారు. వాళ్లకు తోడుగా అమెరికా రక్షణ అటాషే కార్యాలయంలో పనిచేసే ఆడవాళ్లు ఎక్కారు. ఊళ్లో గగ్గోలు పుట్టకుండా వాళ్లను దేశం దాటించడానికి కూడా ఈ విమానమే దారి.

ఇంత హడావుడి ఎందుకంటే, ఆరు రోజుల కిందట డా నాంగ్ పడిపోయింది. ఉత్తర వియత్నాం కమ్యూనిస్టు సేనలు దక్షిణానికి దిగుతున్నాయి. అమెరికన్లకు పుట్టిన పిల్లల్ని కమ్యూనిస్టులు చంపేస్తారని వీధివీధినా పుకారు. నిన్ననే అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ రెండు వేల మంది అనాథల్ని అమెరికా తెచ్చుకుంటామని ప్రకటించి, అందుకు 20 లక్షల డాలర్లు కేటాయించాడు. దీనికి 'ఆపరేషన్ బేబీలిఫ్ట్' అని పేరు పెట్టారు. ప్రభుత్వం తరఫున బయల్దేరుతున్న మొదటి విమానం ఇదే.

అనాథలు అన్నారు. ఆ మాట దగ్గర కాసేపు ఆగాలి. సైగాన్ ఆశ్రమాల్లో ఉన్న పిల్లలందరికీ అమ్మానాన్నలు లేరనుకుంటే పొరపాటే. కూలికి పోయే తల్లి, భర్త యుద్ధంలో పోయిన తల్లి, తిండి పెట్టలేని తల్లి బిడ్డను ఆశ్రమంలో ఉంచి అప్పుడప్పుడూ వచ్చి చూసి వెళ్లేది. రోజులు బాగుపడ్డాక తీసుకెళదామనే అలా ఉంచేది. మన ఊళ్లలో కూలి కుటుంబాలు పిల్లల్ని సంక్షేమ హాస్టల్లో వేయడం లాంటిదే అది. హాస్టల్లో ఉన్నంత మాత్రాన ఆ పిల్లల్ని అనాథలని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా?

నాలుగింటికి విమానం లేచింది. దక్షిణ చైనా సముద్రం మీదికి వచ్చి, 23 వేల అడుగులకు చేరింది. పాలసీసాలు పంచుతున్నారు.

ఉన్నట్టుండి వెనక తలుపు తాళాలు ఊడాయి. చెవులు పగిలే శబ్దం. తలుపు, దాన్ని అంటుకున్న ర్యాంపు ఎగిరిపోయాయి. లోపలంతా మంచు కమ్మినట్టయింది. చెప్పులు, దుప్పట్లు, కాగితాలు గాల్లో తిరుగుతున్నాయి. వెనక తెరుచుకున్న పెద్ద కంతలోంచి కింద సముద్రం కనిపిస్తోంది. పై అంతస్తులో ఆక్సిజన్ మాస్కులు వేలాడాయి గానీ, సీటుకు ఒక్క మాస్కే, బిడ్డలు ఇద్దరు. నర్సులు ఒక బిడ్డ ముఖం మీంచి తీసి ఇంకో బిడ్డ ముఖానికి పెడుతూ నడుస్తున్నారు.

తోకలోకి వెళ్లే కేబుళ్లు, హైడ్రాలిక్ గొట్టాలు తెగాయి. విమానం ముక్కును పైకెత్తడానికీ దించడానికీ ఇక మీట లేదు. కెప్టెన్ డెన్నిస్ ట్రేనర్ ఇంజన్ల జోరు పెంచుతూ తగ్గిస్తూ, మిగిలిన కొద్దిపాటి పట్టుతో ఆ కొండంత యంత్రాన్ని సైగాన్ వైపు తిప్పాడు. అది దొరికిన దారి గానీ నేర్పిన విద్య కాదు. రన్‌వే ఇంకా మూడు కిలోమీటర్లుందనగా ఎత్తు అయిపోయింది. విమానం వరిచేలో దిగింది, పావు మైలు జారింది, మళ్లీ గాల్లోకి లేచి సైగాన్ నది దాటింది, అవతలి గట్టుకు కొట్టుకుని నాలుగు ముక్కలైంది.

పై అంతస్తు ముక్క విడిగా జారి ఆగింది. అందులో ఉన్నవాళ్లలో దాదాపు అందరూ బతికారు. సరుకుల అరలో ఉన్నవాళ్లలో కొద్దిమందే మిగిలారు. మొత్తం 138 మంది పోయారు. వాళ్లలో 78 మంది పిల్లలు. కిందనున్న పిల్లలకు సాయంగా పనిచేస్తున్న నర్సు మేరీ క్లింకర్‌కు 27 ఏళ్లు. ఆమె కూడా బయటికి రాలేదు.

చేలో అంతా బురద. వాహనాలు లోపలికి రాలేవు. హెలికాప్టర్లు కాస్త దూరంలో ఆగితే, బతికిన వాళ్లే పిల్లల్ని ఎత్తుకుని బురదలో నడవాలి. వైద్య బృందానికి నాయకురాలైన లెఫ్టినెంట్ రెజీనా ఔన్‌కు పాదం విరిగింది, వెన్నుపూస విరిగింది. ఆ సంగతి ఆమెకు తర్వాత గానీ తెలియదు. సిబ్బందితో కలిసి దాదాపు 80 మంది పిల్లల్ని చేరవేసి, ఇక అడుగు పడదని తెలిశాక, తనను విధి నుంచి తప్పించమని పై అధికారిని అడిగి కుప్పకూలింది. ఇలాంటి మనుషుల ముందు నేను చేతులు జోడిస్తాను. ఈ కథలో తప్పు వాళ్లది కాదు.

విమానాలు ఆగలేదు. కూలిన విమానంలోంచి బయటపడ్డ పిల్లల్ని మర్నాడే ఇంకో విమానం ఎక్కించారు. ఏప్రిల్ 5 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో అధ్యక్షుడు ఫోర్డ్ మెట్లెక్కి వెళ్లి ఒక పసిబిడ్డను ఎత్తుకుని దిగాడు. కెమెరాలు మెరిశాయి. ఏప్రిల్ చివరికల్లా రెండున్నర వేలకు పైగా పిల్లలు వియత్నాం దాటారు. ఎక్కువమంది అమెరికాకు, మిగతావాళ్లు ఆస్ట్రేలియా, కెనడా, యూరప్ దేశాలకు.

ఇక శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రెసిడియో సైనిక స్థావరానికి పదండి. హార్మన్ హాలులో నేలంతా పరుపులు. ఒక్కో పరుపు మీద ఒక్కో బిడ్డ, పక్కన ఒక్కో వలంటీరు. డాక్టర్లు గుండె చూస్తున్నారు, ఒళ్లు చూస్తున్నారు. డయేరియా, న్యుమోనియా, చికెన్‌పాక్స్ ఉన్నవాళ్లను ఆసుపత్రులకు పంపుతున్నారు. వలంటీర్లు మంచివాళ్లు, నిద్ర మానుకుని పనిచేస్తున్నారు. పిల్లలు ఏడిస్తే ఎత్తుకుంటున్నారు, కానీ ఏమని ఏడుస్తున్నారో వాళ్లకు అర్థం కాదు.

ఆ హాల్లోకి మువోయి మెక్‌కానెల్ వచ్చింది. వియత్నాంలో పుట్టిన నర్సు, అమెరికాలో ఉంటోంది, సాయం చేద్దామని వచ్చింది. మాటలొచ్చిన పిల్లల పక్కన కూర్చుని వాళ్ల భాషలో పలకరించింది. మీరెవరమ్మా, ఎక్కడివాళ్లు, ఇంట్లో ఎవరున్నారు? పిల్లలు చెప్పడం మొదలుపెట్టారు. అమ్మ ఉంది. నాన్న ఉన్నాడు. ఇంటికి వెళ్లాలి. ఒకరు కాదు, ఇద్దరు కాదు. అనాథలని చెప్పి తెచ్చిన పిల్లలు మేం అనాథలం కామని చెబుతున్నారు. అన్ని రోజులుగా ఆ మాట వాళ్ల నోట్లోనే ఉంది. అడిగినవాళ్లు లేరు.

ఆమె విన్నదాన్ని తనలోనే దాచుకోలేదు. ఏప్రిల్ 29న, సైగాన్ పడిపోవడానికి ఒక్క రోజు ముందు, శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో కేసు పడింది. గుయెన్ డా యెన్ వర్సెస్ కిసింజర్ (అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి). పిల్లల తల్లిదండ్రుల్ని వెతకాలని, కావాలన్నవాళ్లకు బిడ్డల్ని తిరిగి అప్పగించాలని అందులో కోరారు. పిల్లలందరి తరఫునా ఒకే కేసుగా నడపడానికి వీల్లేదని 1976లో కోర్టు దాన్ని పక్కన పెట్టింది. ఎవరికి వారు విడిగా పోరాడుకోవాలి. సముద్రానికి అవతల, ఓడిన దేశంలో ఉన్న తల్లి అమెరికా కోర్టులో ఎలా పోరాడుతుంది? శరణార్థులుగా అమెరికా చేరగలిగిన కొద్దిమంది తల్లులు పోరాడారు. వాళ్లలో ఒక తల్లి అడిగితే బిడ్డను తెచ్చుకున్న కుటుంబం ఇవ్వనంది. 1976లో అయోవా సుప్రీంకోర్టు ఆ బిడ్డ తల్లికే చెందుతాడని తీర్పు చెప్పింది. విడిపోయిన తల్లుల్లో, పిల్లల్లో ఎంతోమంది ఇప్పటికీ డీఎన్‌ఏ పరీక్షలతో వెతుక్కుంటున్నారు.

పెంచుకున్నవాళ్ల ప్రేమను నేను శంకించను. జబ్బుతో, ఆకలితో పోవలసిన ఎందరో పిల్లలు ఆ విమానాల వల్లే బతికారు. కానీ ప్రాణం కాపాడటం ఒక పని, తల్లి నుంచి శాశ్వతంగా తెంచడం ఇంకో పని. బాంబుల నుంచి దూరంగా తీసుకెళ్లి, యుద్ధం ముగిశాక వెతికి అప్పగించి ఉండొచ్చు. ఆ రెండు పనుల్నీ ఒక్క విమానంలో కలిపి చేశారు. సైగాన్ తర్వాతా ఇలాంటివి జరిగాయి. 2010లో హైతీ భూకంపం తర్వాత 33 మంది పిల్లల్ని సరిహద్దు దాటించబోయిన బృందం పట్టుబడితే, ఆ పిల్లల్లోనూ చాలామందికి తల్లిదండ్రులున్నారని తేలింది.

అంత దూరం ఎందుకు, హైదరాబాదు సంగతి మనకు తెలుసు. 1999లో, మళ్లీ 2001లో, విదేశాలకు పంపడానికి సిద్ధంగా ఉంచిన పసిపిల్లలు పోలీసు దాడుల్లో దొరికారు. ఎక్కువమంది లంబాడా తండాల ఆడపిల్లలు. తల్లుల చేతిలో కొద్దిపాటి డబ్బు పెట్టి తెచ్చిన బిడ్డలు. అక్కడ యుద్ధం లేదు, బీదరికం ఉంది. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దత్తత కోసం బిడ్డను సంస్థలకు వదులుకునే పద్ధతిని నిషేధించింది.

ఇప్పుడు నిబంధనలు గట్టిగా ఉన్నాయి. దేశాల మధ్య దత్తతలపై 1993లో కుదిరిన హేగ్ ఒప్పందం ప్రకారం తల్లి సమ్మతి బిడ్డ పుట్టాకే తీసుకోవాలి, డబ్బుతో కొనకూడదు. మన దేశం 2003లో దాన్ని ఆమోదించింది. బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి మన చట్టం రెండు నెలల గడువిచ్చింది. సైగాన్ తల్లులకు రెండు రోజులు కూడా దొరకలేదు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటూ మన దేశం నుంచి బిడ్డను తెచ్చుకోవాలనుకునే తెలుగువాళ్లకు ఒక మాట. దత్తతలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ 'కారా' ద్వారా తప్ప ఇంకో దారిన వెళ్లకండి. తొందరగా ఇప్పిస్తామనే మధ్యవర్తిని ఇంటి గుమ్మం దగ్గరే ఆపేయండి. బిడ్డతో పాటు వచ్చే ఫైల్లో ప్రతి కాగితానికీ నకలు తీయించండి, దొరికిన చోటు, తేదీ, ఆశ్రమం పేరు, ఏదీ చిన్న విషయమని వదలకండి. ఆ బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు తెలుసుకోవడానికి స్వయంగా అర్జీ పెట్టుకునే వీలు మన నిబంధనల్లో ఉంది. ఆ రోజు అడిగినప్పుడు ఫైలు తీసి చేతిలో పెట్టండి.