సంఘం పెట్టెలో ఎంత ఉంది?

కార్మికోద్యమ చరిత్రలు చదివినప్పుడల్లా నాకొక వెలితి తోస్తుంది. ఉపన్యాసాలు, లాఠీచార్జీలు, ఒప్పందాలు అన్నీ ఉంటాయి. సంఘం పెట్టెలో ఎంత డబ్బుందో మాత్రం ఏ పుటలోనూ కనబడదు. సమ్మె ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది చాలావరకు ఆ పెట్టెను బట్టే ఉంటుంది.

మా అమీర్‌పేటకు పొరుగున, సనత్‌నగర్‌లో ఆల్విన్ కర్మాగారం ఉండేది. అక్కడ కూలీగా చేరి, కార్మిక నాయకుడై, 1980లో ముఖ్యమంత్రి అయినవారు టి. అంజయ్య. ఆ కాలపు సంఘాలకు ఆధారం 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం. సాధారణ నిధిని వేటికి ఖర్చు పెట్టవచ్చో అది వివరంగా చెప్పింది. రాజకీయాలకు వేరే నిధి ఉండాలన్నది. ఏటేటా లెక్కలు రిజిస్ట్రారుకు సమర్పించాలన్నది. సభ్యుని చందా చాలాకాలం నెలకు కనీసం పావలా. 2001 సవరణతో ఏడాదికి 12 రూపాయలైంది. (కనీసమే సుమా, అంతకన్న ఎక్కువ వసూలు చేయరాదని కాదు.) పావలాలతో వేల కుటుంబాల పస్తులు ఆపడం ఎవరి తరం?

అందుకే ఆర్టీసీ కార్మికుడికి అసలైన ఆసరా యూనియన్ పెట్టె కాదు, పరపతి సహకార సంఘం. అందరూ సీసీఎస్ అంటారు. నెలనెలా జీతంలోంచి పొదుపు కోత పడుతుంది. పిల్ల పెళ్ళికైనా, చదువుకైనా అప్పు అక్కడే పుడుతుంది. అయితే కోసే చెయ్యి యాజమాన్యానిది. కోసిన సొమ్మును సంఘానికి జమ చేయకుండా సంస్థ తన అవసరాలకు వాడుకుంది.

2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీలో సమ్మె మొదలైంది. దాదాపు 48 వేల మంది. పనిచేసిన సెప్టెంబరు నెల జీతం కూడా చేతికి రాలేదు. ఇటువంటి రోజు కోసమే కదా దాచుకున్నది! తీరా చూస్తే దాచినది యజమాని దగ్గరే చిక్కుకుపోయింది. బకాయిల కోసం హైకోర్టు గడప తొక్కవలసి వచ్చింది. 52 రోజులకు, నవంబరు 25న, ప్రభుత్వంలో విలీనమనే ప్రధాన కోరిక తీరకుండానే సమ్మె విరమించారు. ఈ ఓటమికి రాజకీయ కారణాలు ఎన్నో చెబుతారు. వాటిని కాదనను, కాని వట్టిపోయిన పొదుపును లెక్కలోకి తీసుకోని చరిత్ర సగమే అంటాను.

డిసెంబరు 1న, పంజగుట్టకు కూతవేటు దూరంలోని ప్రగతి భవన్‌లో, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కార్మికులతో కలిసి భోజనం చేశారు. సెప్టెంబరు జీతం మరునాడే ఇస్తామన్నారు. యూనియన్ల స్థానంలో డిపోల్లో సంక్షేమ మండళ్ళు ఏర్పాటు చేస్తామన్నారు. సీసీఎస్ బకాయిల తగవు ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి సాగింది.