బేస్‌బాల్: ఒక్క చాప్‌మన్.. రెండు టైటిళ్లు.. ఇద్దరు కుర్రాళ్లు! బుల్‌పెన్ కోసం భవిష్యత్తును ఇచ్చేయొచ్చా?

అమెరికాలో జులై నెల వచ్చిందంటే బేస్‌బాల్ అభిమానుల నోట ఒకటే మాట.. "మన బుల్‌పెన్ గతేంటి?" మ్యాచ్ చివర్లో ఆధిక్యం నిలబెట్టే బౌలర్ కావాలి. ఆ బౌలర్ కావాలంటే చేతిలో ఉన్న మంచి కుర్రాడిని పక్క టీమ్‌కి ఇచ్చేయాలి. ఇవ్వాలా? వద్దా? ఏటా జరిగే ఈ గొడవకు చికాగో కబ్స్ 2016లో చేసిన డీల్‌ను మించిన ఉదాహరణ దొరకదు. 108 ఏళ్ల కరువు తీరినా ఆ డీల్‌పై వాదన మాత్రం ఆగలేదు.

ముఖ్యాంశాలు

- 2016 జులైలో అరోల్డిస్ చాప్‌మన్ కోసం 19 ఏళ్ల గ్లేబర్ టోరెస్‌ను వదులుకున్న కబ్స్
- అదే ఏడాది వరల్డ్ సిరీస్ విజేత.. 1908 తర్వాత తొలి టైటిల్
- 2023లో టెక్సాస్ రేంజర్స్‌దీ అదే బాట.. చాప్‌మన్ కోసం కోల్ రేగన్స్‌ను ఇచ్చి తొలి టైటిల్ కైవసం
- వెళ్లిపోయిన ఇద్దరు కుర్రాళ్లూ ఆ తర్వాత ఆల్‌స్టార్లయ్యారు

అసలు బుల్‌పెన్ అంటే ఏంటి?

బేస్‌బాల్‌లో మ్యాచ్‌కు 9 ఇన్నింగ్స్. ఒక్కో ఇన్నింగ్స్‌లో ఒక్కో జట్టుకు 3 అవుట్లు. మ్యాచ్ మొదలుపెట్టే పిచర్‌ను స్టార్టర్ అంటారు. ఇప్పటి ఆటలో స్టార్టర్ 5, 6 ఇన్నింగ్స్ వేస్తే గొప్పే. మిగతా పని రిలీవర్లది. వాళ్లు వార్మప్ చేసుకునే చోటు పేరే బుల్‌పెన్. రిలీవర్లందరినీ కలిపి కూడా అదే పేరుతో పిలుస్తారు.

మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది టీ20 డెత్ ఓవర్ల లాంటిది. కాకపోతే ఒక తేడా ఉంది. క్రికెట్‌లో బౌలర్‌ను పక్కనపెట్టి మళ్లీ 19వ ఓవర్‌కు పిలవొచ్చు. బేస్‌బాల్‌లో మ్యాచ్ నుంచి తప్పించిన ఆటగాడు ఆ మ్యాచ్‌లో మళ్లీ రాకూడదు. అందుకే ఎవరిని ఎప్పుడు దించాలన్నది మేనేజర్‌కు కత్తి మీద సాము.

ఆఖర్లో వచ్చి మ్యాచ్ ముగించే రిలీవర్‌ను క్లోజర్ అంటారు. సాధారణంగా 3 పరుగులు, అంతకంటే తక్కువ ఆధిక్యం ఉన్నప్పుడు చివరి ఇన్నింగ్స్ వేసి గెలిపిస్తే అతని ఖాతాలో 'సేవ్' పడుతుంది. కాపాడాల్సిన ఆధిక్యం చేజారి స్కోరు సమమైతే అది 'బ్లోన్ సేవ్'. న్యూయార్క్ యాంకీస్ దిగ్గజం మారియానో రివెరా 652 సేవ్‌లతో ఈ జాబితాలో టాప్.

ప్రాస్పెక్ట్ అంటే ఎవరు?

మేజర్ లీగ్ టీమ్‌లకు కింద మైనర్ లీగ్ జట్లుంటాయి. ఈ వ్యవస్థను ఫార్మ్ సిస్టమ్ అంటారు. సరిగ్గా చెప్పాలంటే నారుమడి. అక్కడ పెరుగుతూ, రేపు స్టార్ అవుతాడని అంచనా ఉన్న కుర్రాడే ప్రాస్పెక్ట్.

క్లబ్‌లకు ఈ కుర్రాళ్లంటే అంత మోజు ఎందుకు? లెక్క సింపుల్. మేజర్ లీగ్‌లోకి వచ్చాక దాదాపు ఆరేళ్లపాటు ఆటగాడిపై హక్కు క్లబ్‌దే. మొదటి కొన్నేళ్లు కనీస జీతానికి దగ్గర్లోనే ఆడతాడు. అంటే ఒక ప్రాస్పెక్ట్‌ను ఇచ్చేయడమంటే ఆరేళ్ల పంటను ముందే అమ్ముకోవడం. అందుకు బదులుగా వచ్చే రిలీవర్ ఒక్కోసారి రెండు, మూడు నెలలే ఉంటాడు.

2016 జులై 25.. ఆ డీల్ ఇదే

ఆ సీజన్‌లో కబ్స్ దూసుకెళ్తోంది. ఆఖర్లో దడ పుట్టించే క్లోజర్ ఒక్కడే లోటు. అప్పుడు యాంకీస్‌లో ఉన్న క్యూబా ఎడమచేతి పిచర్ చాప్‌మన్‌పై కన్నుపడింది. 2010లో గంటకు 105.1 మైళ్ల వేగంతో, అంటే దాదాపు 169 కిలోమీటర్లతో బంతి విసిరి రికార్డు సృష్టించింది ఇతనే.

అతని కోసం కబ్స్ ఏకంగా నలుగురిని ఇచ్చింది. వారిలో అసలు వజ్రం గ్లేబర్ టోరెస్. వెనిజులాకు చెందిన షార్ట్‌స్టాప్.. కబ్స్ నారుమడిలో నంబర్ వన్ కుర్రాడు. పైగా సీజన్ ముగియగానే చాప్‌మన్ కాంట్రాక్ట్ కూడా ముగుస్తుంది. కబ్స్ ప్రెసిడెంట్ థియో ఎప్‌స్టీన్ మాత్రం వెనకాడలేదు. గెలిచే టీమ్ చేతిలో ఉన్నప్పుడు ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అన్నదే ఆయన ఉద్దేశం. షార్ట్‌స్టాప్‌గా 22 ఏళ్ల అడిసన్ రస్సెల్, పక్కనే హావియర్ బాయెజ్ ఉండటంతో టోరెస్‌కు అప్పట్లో చోటు కూడా కష్టమే.

అభిమానులకు మింగుడు పడని విషయం ఇంకొకటి ఉంది. గృహహింస విధానం కింద మేజర్ లీగ్ 2016 మార్చిలో చాప్‌మన్‌పై 30 మ్యాచ్‌ల నిషేధం విధించింది. కేసులో ప్రాసిక్యూటర్లు అభియోగాలు నమోదు చేయలేదు. అయినా అలాంటి ఆటగాడి చేతుల మీదుగా వచ్చే కప్‌ను పూర్తిగా ఆస్వాదించలేమన్న కబ్స్ అభిమానులు తక్కువేం కాదు.

ఏడో మ్యాచ్.. గుండె ఆగినంత పనైంది

వరల్డ్ సిరీస్‌లో క్లీవ్‌లాండ్‌పై కబ్స్ 1-3తో వెనకబడింది. ఇక ప్రతి మ్యాచ్ చావోరేవో. ఐదో మ్యాచ్‌లో మేనేజర్ జో మాడన్ ఏడో ఇన్నింగ్స్‌లోనే చాప్‌మన్‌ను దించారు. 8 అవుట్ల కోసం అతను 42 బంతులు విసిరాడు. కబ్స్ 3-2తో బతికిపోయింది. ఆరో మ్యాచ్‌లో 7-2 ఆధిక్యం ఉన్నా మళ్లీ అతన్నే పిలిచారు. మరో 20 బంతులు. అభిమానులు ఇప్పటికీ తిట్టుకునేది ఈ నిర్ణయాన్నే. ఐదు పరుగుల ఆధిక్యం ఉన్నప్పుడు అలసిన చేతిని మళ్లీ వాడటం ఎందుకన్నది వాళ్ల ప్రశ్న.

ఆ భయమే నిజమైంది. నవంబర్ 2న ఏడో మ్యాచ్. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లయ్యాక, 6-3 ఆధిక్యంతో చాప్‌మన్ వచ్చాడు. బ్రాండన్ గయర్ డబుల్‌తో 6-4. వెంటనే రజాయ్ డేవిస్ హోమ్ రన్.. స్కోరు 6-6! క్లీవ్‌లాండ్ స్టేడియం హోరెత్తిపోయింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మాత్రం చాప్‌మన్ పళ్ల బిగువున పరుగు ఇవ్వకుండా ఆపాడు.

ఆ తర్వాత 17 నిమిషాలు వర్షం. ఆట మొదలయ్యాక పదో ఇన్నింగ్స్‌లో బెన్ జోబ్రిస్ట్, మిగెల్ మోంటెరో హిట్లతో కబ్స్‌కు రెండు పరుగులు. చివరికి 8-7తో గెలుపు. ఇంతకీ ఆఖరి అవుట్ తీసింది ఎవరో తెలుసా? చాప్‌మన్ కాదు. మైక్ మాంట్‌గోమరీ. చాప్‌మన్ డీల్‌కు ఐదు రోజుల ముందు, పెద్దగా చప్పుడు లేకుండా సియాటిల్ నుంచి తెచ్చుకున్న పిచర్. మేజర్ లీగ్‌లో అతనికి అదే మొట్టమొదటి సేవ్!

మూడు మ్యాచ్‌లు.. 97 బంతులు.. నాలుగు రోజులు. తనను వాడిన తీరు తనకు నచ్చలేదని ఆ డిసెంబర్‌లో చాప్‌మన్ కూడా చెప్పాడు. అప్పటికే అతను ఐదేళ్లకు 8.6 కోట్ల డాలర్లతో మళ్లీ యాంకీస్‌కు వెళ్లిపోయాడు. అంటే యాంకీస్‌కు టోరెస్ దక్కాడు.. చాప్‌మన్ కూడా తిరిగొచ్చాడు.

అవతలి టీమ్ లెక్క ఏంటి?

ఆ జులైలోనే క్లీవ్‌లాండ్ కూడా యాంకీస్ నుంచే ఆండ్రూ మిల్లర్ అనే రిలీవర్‌ను తెచ్చుకుంది. క్లింట్ ఫ్రేజర్, జస్టస్ షెఫీల్డ్ సహా నలుగురిని ఇచ్చింది. మిల్లర్ అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. ఫ్రేజర్, షెఫీల్డ్ మాత్రం అనుకున్నంత స్టార్లు కాలేదు. కాగితం మీద క్లీవ్‌లాండ్ డీల్ చవక. కానీ కప్ రాలేదు. ఏడో మ్యాచ్‌లో మిల్లర్ బంతిని హోమ్ రన్‌గా మలిచింది కెరీర్‌లో ఆఖరి మ్యాచ్ ఆడుతున్న 39 ఏళ్ల డేవిడ్ రాస్. కోట్లు కుమ్మరించి, కుర్రాళ్లను వదులుకుని తెచ్చుకున్న ఇద్దరు రిలీవర్లూ ఒకే రాత్రి హోమ్ రన్లు ఇచ్చారన్నమాట.

2017లో కబ్స్ మళ్లీ అదే పని

తర్వాతి ఏడాది జులైలో కబ్స్ మళ్లీ నారుమడిలో చెయ్యి పెట్టింది. డెట్రాయిట్ నుంచి రిలీవర్ జస్టిన్ విల్సన్, క్యాచర్ అలెక్స్ అవీలాను తెచ్చుకుని హేమర్ కాండెలారియో, ఐజాక్ పారెదెస్‌లను ఇచ్చింది. విల్సన్ కబ్స్‌కు వచ్చాక అదుపు తప్పాడు. వాక్‌లు ఎక్కువయ్యాయి. కప్ రాలేదు. అటు పారెదెస్ మాత్రం 2024లో ఆల్‌స్టార్ అయ్యాడు.

రిలీవర్ల విషయంలో ఇలా ఎందుకు జరుగుతుంది? రిలీవర్ సీజన్ మొత్తం మీద వేసేది సుమారు 60, 70 ఇన్నింగ్స్ మాత్రమే. మంచి స్టార్టర్ వేసేది దాదాపు 180. అంత తక్కువ ఆటలో నాలుగు చెడ్డ రాత్రులు వచ్చినా అంకెలు తలకిందులవుతాయి. నిరుటి హీరో ఈ ఏడాది జీరో అయ్యేది అందుకే. బుల్‌పెన్‌ను నమ్మొద్దని పాత అభిమానులు అనేది కూడా ఇందుకే.

2023.. మళ్లీ అదే పేరు

ఏడేళ్ల తర్వాత కథ రిపీట్. 2023లో టెక్సాస్ రేంజర్స్ బ్యాటింగ్ బలంగా ఉన్నా బుల్‌పెన్ పరువు తీసింది. ఆ సీజన్‌లో సేవ్‌ల కంటే బ్లోన్ సేవ్‌లే ఎక్కువ. జూన్ 30న కాన్సాస్ సిటీ రాయల్స్ నుంచి చాప్‌మన్‌ను తెచ్చుకుంది. ఇచ్చిన వారిలో ప్రధాన పేరు కోల్ రేగన్స్. మోచేతికి రెండుసార్లు పెద్ద సర్జరీ అయిన ఎడమచేతి పిచర్. చాలామంది పెద్దగా పట్టించుకోలేదు.

అక్టోబర్‌లో రేంజర్స్‌కు చివరి ఇన్నింగ్స్ హోసె లెక్లర్క్ వేస్తే, అతనికి ముందు చాప్‌మన్ వచ్చేవాడు. అరిజోనాను 4-1తో ఓడించి రేంజర్స్ చరిత్రలోనే తొలిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది. అటు కాన్సాస్ సిటీలో రేగన్స్ ఏస్ స్టార్టర్ అయిపోయాడు. 2024లో ఆల్‌స్టార్. 2015 తర్వాత తొలిసారి ప్లేఆఫ్స్‌కు వెళ్లిన రాయల్స్, బాల్టిమోర్‌పై 1-0తో గెలిచిన మ్యాచ్‌లో అతను 6 ఇన్నింగ్స్ పాటు ఒక్క పరుగూ ఇవ్వలేదు.

ఆ వెంటనే యాంకీస్, రాయల్స్ మధ్య సిరీస్. ఒకవైపు టోరెస్, మరోవైపు రేగన్స్. చాప్‌మన్ కోసం అమ్ముడుపోయిన ఇద్దరు కుర్రాళ్లు ఒకే సిరీస్‌లో ఎదురెదురుగా ఆడారు!

మరి ఎవరిది లాభం?

ఒక డీల్‌ను తూచేటప్పుడు అభిమానులు మూడు ప్రశ్నలు వేసుకుంటారు.

- టీమ్ నిజంగా ఈ ఏడాదే గెలిచేలా ఉందా? 2016 కబ్స్ సీజన్‌లో 103 మ్యాచ్‌లు గెలిచింది. అలాంటి టీమ్‌కు ఆఖరి ఇటుక కావాలి. సగటు టీమ్‌కు అది దండగ.
- ఇచ్చే కుర్రాడి చోటులో ఇప్పటికే ఎవరైనా ఉన్నారా? ఉంటే నొప్పి తక్కువ.
- వచ్చే రిలీవర్‌ను ఎలా వాడతారు? డీల్ ఎంత మంచిదైనా మేనేజర్ చేతిలో అరిగిపోతే లాభం లేదు.

టోరెస్ 2018, 2019లో ఆల్‌స్టార్. 2019లో 38 హోమ్ రన్లు బాదాడు. 2025లో డెట్రాయిట్ తరఫున మళ్లీ ఆల్‌స్టార్. అదే ఏడాది బోస్టన్ రెడ్ సాక్స్ క్లోజర్‌గా 37 ఏళ్ల చాప్‌మన్ కూడా ఆల్‌స్టారే. అంకెలు మాత్రమే చూస్తే కబ్స్ నష్టపోయినట్టే.

కానీ చికాగోలో తాత, తండ్రి కప్ చూడకుండానే పోయిన కుటుంబాలు ఎన్నో. 2016 గెలుపు తర్వాత రిగ్లీ ఫీల్డ్ ప్రహరీ గోడ మీద అభిమానులు సుద్దముక్కలతో తమవాళ్ల పేర్లు రాశారు. వారిలో ఆ రోజు చూడకుండానే కన్నుమూసిన వాళ్ల పేర్లూ ఉన్నాయి. ఆ గోడ ముందు నిలబడిన అభిమానిని టోరెస్‌ను ఇవ్వడం తప్పేనా అని అడిగితే, చాలామంది చెప్పే జవాబు ఒకటే.. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ ఇచ్చేస్తాం. ఆరో మ్యాచ్‌లో మాత్రం చాప్‌మన్‌ను దించొద్దు!