టమాటాలో పురుగుల ఉధృతి: ప్రభావిత కారకాలు

టమాటాను ఆశించే పురుగుల సంఖ్యను, నష్ట తీవ్రతను నిర్ణయించే వాతావరణ, సాగు, జీవ సంబంధ పరిస్థితులే ఉధృతి కారకాలు. వీటిలో ఉష్ణోగ్రత ప్రధానం.

దక్షిణ అమెరికాలో పుట్టిన టూటా ఆబ్సల్యూటా అనే పురుగు 2006లో స్పెయిన్‌లో, 2014లో మహారాష్ట్రలో కనిపించింది. ఆకులు, కాయలు తొలిచే ఈ పురుగు జీవితచక్రం 14 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 76 రోజులు, 27 డిగ్రీల వద్ద 24 రోజులే. వేడి పెరిగేకొద్దీ తరాలు వెంటవెంటనే వస్తాయి. తల్లి పురుగు 260 వరకు గుడ్లు పెట్టగలదు.

వేడి, పొడి వాతావరణం తెల్లదోమకు అనుకూలం. అది ఆకుముడత వైరస్‌ను మొక్క నుంచి మొక్కకు చేరవేస్తుంది. భారీ వర్షాలు తామర పురుగులను కడిగేస్తాయి. నత్రజని మితిమీరితే లేత చిగుళ్లు పెరిగి రసం పీల్చే పురుగులు ఎక్కువవుతాయి.

మదనపల్లె వంటి ప్రాంతాల్లో ఏడాది పొడవునా టమాటా ఉండటం వల్ల పురుగులకు ఆహారం తెగదు. వంగ, బంగాళదుంప, కలుపు మొక్కలూ ఆశ్రయమిస్తాయి. విచక్షణ లేని పిచికారీ మిత్రపురుగులను చంపి, పురుగుల్లో మందు తట్టుకునే శక్తిని పెంచుతుంది.

సాగు పద్ధతితో ఉధృతిని తగ్గించనూ వచ్చు: 16 వరుసల టమాటాకు ఒక వరుస చొప్పున నాటిన బంతి, టూటాకు భిన్నమైన కాయతొలుచు పురుగును ఆకర్షించే ఎర పంట.