ఖాళీ ఉందన్న కబురు

రాయలసీమలోని రామగిరి నేలలో బంగారం ఉన్న సంగతి ఇంగ్లీషువాళ్లు కనిపెట్టింది కాదు. వాళ్లు వచ్చేసరికే అక్కడ పాత తవ్వకాల గుంతలు ఉన్నాయి. 20వ శతాబ్దపు మొదటి పాదంలో నార్త్ అనంతపూర్, జిబుటిల్ కంపెనీలు గనులు నడిపి, 1927 నాటికి సర్దుకుని వెళ్లిపోయాయి. కొన్ని దశాబ్దాల తర్వాత ప్రభుత్వరంగ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ మళ్లీ తవ్వకం మొదలుపెట్టింది. 2001లో ఆ సంస్థే మూతపడింది. ఈలోగా, 1990లలో, కొండల మీదికి గాలిమరలు వచ్చాయి. 2017లో పెనుకొండ మండలం ఎర్రమంచికి కియా కార్ల కర్మాగారం ఖాయమైంది. పని ఇన్నిసార్లు ఊరి ముంగిటికి వచ్చినా, ఇక్కడి కుర్రవాళ్లు బెంగళూరు బండి ఎక్కడం మాత్రం మానలేదు. ఎందుకని అడిగితే వచ్చే జవాబు ఒకటే: నైపుణ్యం లేదు. డిగ్రీ చేతికొచ్చిన పిల్లలకు చెప్పే సలహాలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. ఇంగ్లీషు నేర్చుకో, కంప్యూటర్ నేర్చుకో, ఇంటర్వ్యూలో బెదరకు. ఇవి తప్పుడు సలహాలు కావు, రెండో మెట్టు సలహాలు. ఎక్కడ ఖాళీ ఉంది, ఎప్పుడు ఏర్పడబోతోంది, ఎవరిని అడగాలి అన్న కబురు మొదటి మెట్టు. ఈ సీమలో ఉద్యోగాల వేట చరిత్రంతా ఆ కబురు ఎవరి చేతిలో నుంచి ఎవరి చేతికి మారిందన్న చరిత్రే.

మద్రాసు రాజధాని కాలంలో ఆ చెయ్యి మేస్త్రీది. గనులకైనా తోటలకైనా, సముద్రం దాటి బర్మాకైనా, కూలీలను కూడగట్టింది అతనే. కంపెనీ ప్రకటన వెయ్యదు, వేసినా చదివేవాళ్లు తక్కువ. మేస్త్రీ ఊళ్లోకి వచ్చి బయానా ఇస్తాడు, మనిషిని తీసుకెళ్తాడు, ఆ అప్పు తీరేదాకా కూలిలో కోసుకుంటాడు. ధర్మవరం పట్టు మగ్గాల దగ్గర పద్ధతి వేరు. అక్కడ పని ఇంట్లోనే నేర్చుకోవాలి. మగ్గం ఎక్కే కుర్రాడికి దరఖాస్తు అక్కర్లేదు, తండ్రో మేనమామో చాలు. నూలు, జరీ ఇచ్చి నేయించుకునే షావుకారు కూడా తెలిసినవాడే. పైకి రెండూ ఒకదానికొకటి పొంతన లేనివిగా కనిపిస్తాయి గాని, రెంటిలోనూ కబురు మనిషి ద్వారానే వచ్చింది, ఆ మనిషి దానికి ధర కట్టాడు. మేస్త్రీ కట్టిన ధర బయానా. షావుకారు కట్టిన ధర, మరో చోట మంచి కూలి దొరికినా బాకీ తీరేదాకా కదలలేకపోవడం. ఆ చుట్టరికంలో పుట్టనివాడికి మగ్గం గుంట కంటికి కనిపిస్తున్నా పని లేనట్టే.

ఈ పద్ధతిని తలకిందులు చేయాలని చూసింది ప్రభుత్వం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇళ్లకు తిరిగొచ్చే సైనికులకు పని చూపడానికి 1945లో ఉపాధి కార్యాలయాల వ్యవస్థ ఏర్పడింది. తర్వాత వాటి తలుపులు అందరికీ తెరిచారు. 1959లో చట్టం వచ్చింది, 1960 మే 1 నుంచి అమలైంది. ప్రభుత్వ సంస్థలూ, 25 మందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలూ తమ ఖాళీలను ఈ కార్యాలయాలకు తెలపాలని అది చెప్పింది. అనంతపురం జిల్లా చదువరి ఇంట్లో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ కార్డు రేషన్ కార్డంత భద్రంగా ఉండేదంటే కారణం ఇదే. పేరు నమోదు చేయించుకో, గడువు దాటకుండా రెన్యువల్ చేయించుకో, సీనియారిటీ పోగొట్టుకోకు: ఆ తరం పెద్దల సలహా అంతా ఇంతే. ఈనాటివాళ్లు దాన్ని సోమరి సలహా అంటారు. కాదు. నమోదు చేసుకున్నవాళ్లలో నుంచే పేర్లు పంపే రోజుల్లో, వరసలో ముందుండడమే తెలివి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్ర ప్రభుత్వోద్యోగాల్లో స్థానికులకు వాటా ఖాయం చేసి, రాయలసీమ నాలుగు జిల్లాలను నాలుగో జోన్‌గా కట్టాక ఆ వరసకు విలువ ఇంకా పెరిగింది.

కానీ ఆ చట్టంలోనే ఒక కన్నం ఉండేది. ఖాళీ ఉందని చెప్పడం తప్పనిసరి, చెప్పిన చోటు నుంచి మనిషిని తీసుకోవడం తప్పనిసరి కాదు. వ్యవసాయ పనిని, ఇంటి పనిని చట్టం వదిలేసింది. వేరుశనగ మీద బతికే మెట్ట జిల్లాలో వ్యవసాయ పనిని వదిలెయ్యడమంటే సగం ఊరిని వదిలెయ్యడమే. పైగా వరస ఎంత పొడవైనా కదలాలంటే ఖాళీలు రావాలి కదా. చివరికి ఎక్స్ఛేంజి కిటికీ ఒక్కటే ఉండడం న్యాయమా అన్న ప్రశ్న కోర్టుకెక్కింది. ప్రభుత్వ కార్యాలయాలు ఎక్స్ఛేంజి పంపినవాళ్లనే పరిగణించడాన్ని 1987లో హరగోపాల్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో మాట మార్చింది. ఎక్స్ఛేంజికి రాయడంతో పాటు పత్రికల్లో ప్రకటించాలి, రేడియోలో, టీవీలో చెప్పాలి, నోటీసు బోర్డు మీద పెట్టాలి, వచ్చినవాళ్లందరినీ చూడాలి అంది. మన రాష్ట్రపు కేసే దేశమంతటికీ దారి చూపింది. ఆ తీర్పు నిజానికి కబురు గురించిన తీర్పు. అర్హత ఉండి కూడా, చెప్పేవాడు లేక తప్పిపోయే మనిషికి అది విలువ ఇచ్చింది.

ఇక్కడ ఎవరైనా అడ్డుతగలవచ్చు: కబురు తెలిసినా చేతికి పని రాకపోతే గేటు దగ్గర నిలబడి ఏం లాభం? న్యాయమైన ప్రశ్నే. కియా లెక్క చూద్దాం. 2017 ఏప్రిల్‌లో ప్రభుత్వంతో ఒప్పందం. 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. అప్పటి సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. మధ్యలో ఉన్నది రెండేళ్ల పైచిలుకు. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు రెండేళ్లు. అంటే 2017 వేసవిలోనే ఎర్రమంచిలో ఏం రాబోతోందో, దానికి ఏ ట్రేడ్‌లు కావాలో అర్థమైన పదో తరగతి కుర్రాడికి సరిగ్గా సరిపడే సమయం ఉంది. ప్రహరీ లేచాక తెలుసుకున్నవాడికి లేదు. కాబట్టి నైపుణ్యం కబురుకు పోటీ కాదు, వేళకు అందిన కబురు నుంచే అది పుడుతుంది. వేళ మించాక నేర్చింది, లేదా ఒకే యజమానికి పనికొచ్చేది, అక్కరకు రాకుండా కూడా పోతుంది. గని మూసేశాక భూగర్భంలో పనిచేసే నేర్పు కొనేవాళ్లు రామగిరి చుట్టుపక్కల ఎవరున్నారు? గాలిమరల సంగతి సరేసరి. నిలబెట్టేటప్పుడు మనుషులు కావాలి, తిరగడం మొదలయ్యాక కొద్దిమంది చాలు. ఏ పని ఎన్నేళ్లు ఉంటుందో, ఎందరికి ఉంటుందో చెప్పడం కూడా కబురులో భాగమే, దాన్ని మాత్రం ప్రారంభోత్సవ సభల్లో ఎవరూ చెప్పరు.

స్థానికులకు చట్టమే ఉంది కదా అనేవాళ్లున్నారు. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అంటూ చట్టం చేసింది. తగిన నేర్పు ఉన్నవాళ్లు దొరక్కపోతే మూడేళ్లలో తయారుచేసుకోమంది. ఇలాంటి హర్యానా చట్టాన్ని 2023లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. కోర్టుల మాట అటుంచినా, వాటా వేరు, కబురు వేరు. నూటికి 75 మందిని మన జిల్లా నుంచే తీసుకున్నా, ఆ 75 మంది ఎవరన్నది మళ్లీ ఎవరికి ముందు తెలిసిందన్న దాని మీదే ఆధారపడుతుంది. ఇప్పటి కర్మాగారాల్లో చాలా పనికి మనుషులను సరఫరా చేసేది కాంట్రాక్టు ఏజెన్సీలు. పేరు మారిన మేస్త్రీ అనుకోవచ్చు, బయానా ఇచ్చే బదులు కొన్నిచోట్ల ఎదురు పుచ్చుకుంటున్నాడన్నదే తేడా.

ఫోన్ వచ్చాక ఈ గొడవ తీరిపోయిందన్న వాదం మరింత బలమైనది. ప్రతి ప్రకటనా ప్రతి చేతిలో ఉంది, నిజమే. 2015లో కేంద్రం నేషనల్ కెరీర్ సర్వీస్ పేరుతో ఆన్‌లైన్ వేదిక కూడా పెట్టింది. కానీ కబురు అందరికీ అందేసరికి దాని విలువ పడిపోతుంది, నకిలీ పెరుగుతుంది. డిపాజిట్ కట్టమని అడిగే ఉద్యోగం ఉద్యోగం కాదని తెలియక మోసపోయేవాళ్లు ఫోన్ లేనివాళ్లు కాదు. అమెరికాలో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ పక్కనున్న న్యూటన్ పట్టణంలో ఉద్యోగాలు మారినవాళ్లను పరిశీలించి 1970లలో రాసిన మాట ఇక్కడ పనికొస్తుంది. సగానికి పైగా పని దొరికింది తెలిసినవాళ్ల ద్వారా, ఆ తెలిసినవాళ్లలో ఎక్కువమంది తరచూ కలవనివాళ్లు. రోజూ కలిసే స్నేహితుడికి తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. దూరపు పరిచయస్థుడు మనకు తెలియని చోట తిరుగుతాడు.

దీన్ని రామగిరికి అన్వయిస్తే సలహా కాస్త మారుతుంది. ఉద్యోగం వేయించమని పెదనాన్నను అడగడం కంటే, రెండు బ్యాచ్‌ల ముందు చదివి హిందూపురంలోనో పెనుకొండలోనో చేరిన సీనియర్‌ను మీ విభాగంలో కొత్త లైను ఎప్పుడు మొదలవుతుంది, ఏ ఏజెన్సీ తీసుకుంటోంది, ఏం పరీక్ష పెడుతున్నారు అని అడగడం మేలు. మొదటిది సిఫారసు, రెండోది సమాచారం. సిఫారసు అడిగితే ఇబ్బందిపడే మనిషి, సమాచారం అడిగితే చెప్పేస్తాడు. అయితే ఇందులోనూ పాత అన్యాయం దాగి ఉంది. తమ ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లకు ఆ సీనియర్ ఎక్కడ దొరుకుతాడు? ఈ పని కాలేజీలు చేయాలి. పాస్ శాతాన్ని ఫ్లెక్సీ మీద వేసుకునే ఐటీఐలు, డిగ్రీ కాలేజీలు తమ దగ్గర చదివినవాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లో, ఏ పనిలో ఉన్నారో, వాళ్ల సమ్మతితో, ఏటేటా రాసిపెట్టి కొత్త పిల్లలకు చూపిస్తే, ఎక్స్ఛేంజి దశాబ్దాల కింద మొదలుపెట్టిన పని కొంతైనా కొనసాగినట్టు. దానికి చట్టం అక్కర్లేదు, ఒక రిజిస్టరు, దాన్ని చూసుకునే ఒక గుమాస్తా చాలు.