రియో గ్రాండే ఒడ్డున చక్కెర జబ్బు

అమెరికాకూ మెక్సికోకూ సరిహద్దుగా పారే రియో గ్రాండే నది ఒడ్డున, టెక్సాస్ దక్షిణ కొసన ఉన్న స్టార్ కౌంటీలో దాదాపు అందరూ మెక్సికన్ మూలాలవారే. 1848 నాటి గ్వాడలూపే హిడాల్గో ఒప్పందంతో నది సరిహద్దుగా మారినా, రెండు ఒడ్డుల మధ్య భాష, బంధుత్వం, వంట తెగిపోలేదు. హ్యూస్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1981లో అక్కడ ఆరోగ్య అధ్యయనాలు ప్రారంభించడంతో, లాటినోల (లాటిన్ అమెరికా దేశాల మూలాలున్న ప్రజల) మధుమేహ చరిత్రలో ఈ కౌంటీకి ప్రత్యేక స్థానం దక్కింది.

తెలుగువారు ఈ వ్యాధిని ‘షుగర్’ అన్నట్టే అక్కడి జనం ‘అసూకర్’, అంటే చక్కెర, అంటారు. ‘సుస్తో’, అనగా హఠాత్తుగా కలిగిన భయం, దీనికి మూలమని నమ్మేవారూ, దీనికి మందుగా ‘నోపాల్’ అనే నాగజెముడు మట్టలను వండుకుని తినేవారూ ఉన్నారు. ఈ నమ్మకాలనే చికిత్సకు ప్రధాన అవరోధాలుగా చూపడం న్యాయం కాదు; ఇంగ్లీషు రాని తల్లికి బడికెళ్లే కూతురే వైద్యుని ముందు దుబాసీ కావలసి రావడం అంతకన్నా పెద్ద అవరోధం.

వైద్యం అందే విషయంలో చట్టాలు కూడా ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో ఆపాయి. 1962 నాటి చట్టం వలస వ్యవసాయ కూలీల వైద్యశాలలకు నిధులిచ్చింది. 1996 సంక్షేమ చట్టం మాత్రం, చట్టబద్ధంగా వచ్చినవారిలోనూ చాలామందికి మొదటి అయిదేళ్లు మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) దక్కకుండా చేసింది. 2010 బీమా సంస్కరణ అనుమతి పత్రాలు లేని వలసదారులను పక్కన పెట్టగా, టెక్సాస్ రాష్ట్రం మెడికెయిడ్ విస్తరణకు ఒప్పుకోలేదు.

స్టార్ కౌంటీలోనే పరిశోధకురాలు షారన్ బ్రౌన్ బృందం 256 మంది రోగులతో జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనం మరో దారి చూపింది. రెండు భాషలూ తెలిసిన మెక్సికన్ అమెరికన్ నర్సులు, ఆహార నిపుణులు బడుల్లోనూ చర్చిల్లోనూ ఏడాదిలో 52 గంటలపాటు, స్థానిక వంటలను ఆధారం చేసుకుని, స్పానిష్‌లో పాఠాలు చెప్పారు. ప్రతి రోగి వెంట ఇంటివారో స్నేహితులో కూర్చున్నారు. రెండు మూడు నెలల రక్తంలోని చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ, పాఠాలు విన్నవారిలో ఆరు నెలలకు, పాఠాలు అందని జట్టుకన్నా 1.4 శాతాంశాలు తక్కువగా నమోదైంది. అయినా వారి హెచ్‌బీఏ1సీ సగటు 10 శాతానికి పైనే నిలిచింది. తమ భాషలో, తమ కంచం ఎరిగి చెబితే రోగులు నేర్చుకుంటారు. కానీ మందు, బీమా, వైద్యుడు అందుబాటులో లేనిచోట ఆ నేర్పు ఒక్కటే ప్రాణం కాపాడలేదు.