పుట్టిన గడ్డా, కట్టిన బట్టా?

నల్లమందు యుద్ధం గురించి మనమంతా బడిలోనే చదువుకున్నాం. 1842 నాన్‌కింగ్ సంధి, హాంకాంగ్ బ్రిటన్ వశం కావడం, అయిదు రేవులు తెరవడం. పరీక్షకు అంతవరకు సరిపోయేది. ఆ రేవుల్లో తలెత్తిన ఒక చిక్కు గురించి మాత్రం నేను చాలా ఏళ్ల తర్వాతే చదివాను. చైనా వంశస్థుడు బ్రిటిష్ వలసలో పుట్టి, చైనాకు వెళ్తే ఎవరి మనిషి?

పెనాంగ్, మలక్కా, సింగపూర్‌లను కలిపి స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ అనేవారు. 1867 వరకు అవి మన దేశంలాగే బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కింద ఉండేవి. అక్కడ పుట్టినవారు ఏ జాతివారైనా చట్టరీత్యా బ్రిటిష్ ప్రజలే. 1843 ఒప్పందం వల్ల చైనాలో బ్రిటిష్ ప్రజల నేరాలను విచారించే అధికారం బ్రిటిష్ కాన్సల్‌కే దక్కింది. అందుకే అమోయ్ రేవుకు వచ్చిన సింగపూర్ చైనీయులు కాన్సల్ రక్షణ కోరేవారు. చింగ్ అధికారుల లెక్కలో మాత్రం వాళ్లు తాతల ఊరికి తిరిగొచ్చిన తమ ప్రజలే.

ఈ పేచీ ప్రాణాల మీదికి కూడా వచ్చింది. సింగపూర్‌లో పుట్టి, అమోయ్‌లో ఒక బ్రిటిష్ కంపెనీలో పనిచేస్తున్న చెన్ చింగ్‌జెన్‌ను, రహస్య సంఘం నడుపుతున్నాడని 1851లో చింగ్ అధికారులు పట్టుకున్నారు. విడిచిపెట్టమని కాన్సల్ అడిగాడు. తిరిగి వచ్చింది శవం.

1868లో బ్రిటిష్ రాయబారి రూథర్‌ఫర్డ్ ఆల్కాక్ ఒక షరతు పెట్టాడు. చైనాలో బ్రిటిష్ రక్షణ కావాలంటే చైనా వంశస్థులు చైనా దుస్తులు మాని, వేరుగా గుర్తుపట్టేలా ఉండాలి. అంటే జన్మహక్కుకు బట్టలు సాక్ష్యం చెప్పాలి!

తర్వాత చట్టాలే ఢీకొన్నాయి. తండ్రి చైనీయుడైతే బిడ్డ ఎక్కడ పుట్టినా చైనీయుడేనని 1909లో చింగ్ ప్రభుత్వం చట్టం చేసింది. మరుసటి ఏడాదే డచ్చివారు, తమ ఈస్టిండీస్‌లో స్థిరపడ్డవారికి అక్కడ పుట్టిన పిల్లలు తమ ప్రజలేనన్నారు. పౌరులు మాత్రం కారన్నారు. ఆ ముడి విప్పడానికి 1955లో చైనా, ఇండోనేషియా ఒప్పందం చేసుకున్నాయి. రెండు జాతీయతలున్నవారు ఒకటే ఎంచుకోవాలి. అది అమలులోకి వచ్చేసరికి 1960 అయింది.

రెండు దేశాలు నావాడంటే రెట్టింపు రక్షణ అనుకుంటాం. చెన్‌కు ఒక్కటీ అక్కరకు రాలేదు. మన పూర్వ విద్యార్థుల్లో ఎందరో నేడు పరాయి దేశాల్లో ఉన్నారు. వారి పిల్లల పుట్టుక కాగితాలు చూసినప్పుడల్లా నాకు అమోయ్ గుర్తుకొస్తుంది.