సింహాన్ని నడిపించే రాణి

బొమ్మవైపు ఇరవయ్యేళ్ల విక్టోరియా ముఖం. బొరుసు తిప్పితే అదే రాణి నిలువెత్తున, చేత రాజదండం పట్టి సింహాన్ని నడిపిస్తూ ఉంటుంది. 1839 నాటి ఈ ఐదు పౌండ్ల బ్రిటిష్ బంగారు నాణేన్ని సేకర్తలు 'ఉనా అండ్ ద లయన్' అంటారు. ఎడ్మండ్ స్పెన్సర్ కావ్యం 'ఫెయిరీ క్వీన్'లోని ఉనా అనే కన్యగా రాణిని ఊహించి చెక్కినవాడు విలియం వయన్. సింహం ఇంగ్లండుకు గుర్తు. దేవుడు తన అడుగులను నడిపించాలన్న ప్రార్థన లాటిన్‌లో అంచు వెంబడి ఉంటుంది. 22 క్యారట్ల బంగారం, సుమారు 39 గ్రాములు. చేసినవి 400 దాకా ఉంటాయంటారు. నా దృష్టిలో ఇంతకన్నా అందమైన బ్రిటిష్ నాణెం లేదు.

ఇది సంతలో చేతులు మారడానికి పుట్టలేదు. ఇది ప్రూఫ్ నాణెం. ప్రూఫ్ అన్నది తయారీ పద్ధతి పేరే తప్ప నాణ్యతకు ఇచ్చే మార్కు కాదు. అచ్చునూ బంగారు బిళ్లనూ ముందే మెరుగుపెట్టి, మామూలు నాణెం కంటే ఎక్కువ ఒత్తిడితో, ఒకటికి రెండుసార్లు అచ్చువేస్తారు. అందుకే ఖాళీ జాగా అద్దంలా తళతళలాడుతుంది. మంచి ప్రతుల్లో రాణి, సింహం మంచు పట్టినట్టు తెల్లగా తేలి కనిపిస్తాయి. ఈ తేడానే కేమియో అంటారు.

ఆ అద్దమే దీని బలహీనత కూడా. ఎవరో ప్రేమగా ఒక్కసారి మెత్తటి గుడ్డతో తుడిచినా సన్నటి గీతలు పడతాయి. నాణేన్ని దీపం కింద మెల్లగా వాలిస్తే అవి వెంట్రుకల్లా బయటపడతాయి. అవి ఇక పోవు. గ్రేడింగ్ చేసేవాళ్లు మొదట వెతికేది వీటినే. 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత రాగి సెంట్ల కోసం వేసిన 70 అంకెల కొలతనే 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ సంస్థలు మొదలయ్యాక అన్ని నాణేలకూ వాడుతున్నారు. చేతులు మారి అరిగిన ప్రూఫ్ 60 కిందికి దిగుతుంది. గట్టిగా తోమిన నాణేనికి అంకె ఇవ్వకుండా, శుభ్రం చేశారన్న మాటే చీటీ మీద రాస్తారు. 66 వచ్చిన ఉనా ఒకటి 2021 వేలంలో పది లక్షల డాలర్లు దాటింది. ఆ ధరలో బంగారం విలువ ఏపాటిది? దాదాపు రెండు శతాబ్దాలు ఎవరూ తోమకుండా కాపాడినందుకే ఆ ధర.

మన ఇళ్లలో కాసుల పేరుకు కొక్కేలు అతికించిన పాత సవరన్ నాణేలు ఉంటాయి. మెడలో వేసుకునే నగగా వాటి గౌరవం వాటిది. సేకర్త లెక్క వేరు: అతుకు పడ్డాక అంకె రాదు. అలాంటి గుర్తు లేని పాత నాణెం పెట్టెలో దొరికితే మాత్రం చింతపండు దగ్గరికి పోనివ్వకండి. అంచు పట్టుకుని ఎత్తండి, మెత్తటి బట్ట పరచి దాని మీద పెట్టి చూడండి. అది 1840 నాటి ఈస్టిండియా కంపెనీ వెండి రూపాయి అయితే భూతద్దంతో రాణి మెడ కోత దగ్గర వెతకండి. ఆ ముఖం చెక్కిందీ వయనే. చాలావాటి మీద అతని పేరులోని రెండు పొడి అక్షరాలు కనిపిస్తాయి.